జీడిపప్పు పడని పిల్లతో పలాస ప్రయాణం

పలాస వైపు పెళ్లికి వెళ్తున్నామని చెప్పగానే మా స్కూలు స్టాఫ్‌రూములో అందరూ ఒకే మాట అన్నారు: "వచ్చేటప్పుడు తలో కిలో జీడిపప్పు పట్రండి టీచరుగారూ!" లెక్కల మాస్టారైతే గుండు పప్పే కావాలని, బద్దలు తెస్తే తీసుకోనని ముందే షరతు పెట్టేశారు. నేను నవ్వి ఊరుకున్నాను. నేనూ మా అమ్మాయి హారికా కలిసి వెళ్లే బండిలో జీడిపప్పు సంచీ పెట్టుకోవడమంటే పాముని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్లడమేనని వాళ్లకేం తెలుసు?

మా హారికకి జీడిపప్పు పడదు. మన తెలుగులో ఈ 'పడదు' అనే మాట మరీ మెత్తనిది. మా ఆయనకి వంకాయ పడదు, దురద పెడుతుంది. మా అత్తగారికి మజ్జిగ పడదు, జలుబు చేస్తుంది. హారికకి జీడిపప్పు పడదంటే మాత్రం, ఒక్క పలుకు కడుపులోకి వెళ్తే పెదాలు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, గొంతు మూసుకుపోతుంది. ఈ రెండు రకాల వాళ్లకీ మన దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

ఆ సంగతి తెలుసుకోవడానికే మాకు చాలాకాలం పట్టింది. ఆ వాపు మొదటిసారి దాని తొమ్మిదో ఏట, తణుకులో ఒక పెళ్లి భోజనం తర్వాత వచ్చింది. గ్యాస్ అన్నారు ఒక డాక్టరు. రెండోసారి ఇంకొకరు రొయ్యల మీద అనుమానపడ్డారు. చేపలూ గుడ్లూ వంకాయా అన్నీ మాన్పించి పిల్లని పుల్లలా చేశాం. మూడోసారి వచ్చినప్పుడు విశాఖపట్నంలో ఒక పెద్ద డాక్టరమ్మ చేతిమీద చుక్కలు వేసి, సూదితో గుచ్చి చూసి, జీడిపప్పని తేల్చారు. ఇంటికొచ్చి చెబితే మా అన్నయ్య నమ్మలేదు. "మన చిన్నప్పుడు ఈ ఎలర్జీలు ఉన్నాయా? కొంచెం కొంచెం పెడితే అదే అలవాటవుతుంది" అంటూ, మాకు తెలియకుండా పప్పు నూరి కోవాలో కలిపి పెట్టాడు. ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో నా కంటే ఎక్కువ ఏడ్చింది వాడే.

అప్పటినుంచి హారిక ఏ పెళ్లిలోనూ పంక్తిలో కూర్చోలేదు. డబ్బాలో పెరుగన్నం పట్టుకెళ్లి, ఏ గదిలోనో ఒక మూల తినేస్తుంది. ఇప్పుడు ఎమ్మెస్సీ చదువుతోంది. హాస్టల్లో దాని పక్క మంచం పావనిది, పలాస దగ్గర ఉద్దానం పిల్ల. ఆ పావని పెళ్లికే ఈ ప్రయాణం. టిక్కెట్లు తీసుకున్న రోజునే హారిక నాతో చెప్పేసింది. "అమ్మా, ఈ పెళ్లిలో నేను అందరితో పాటు పంక్తిలో కూర్చుని తింటాను. డబ్బా తేకు."

దేశంలో ఎక్కడా తినని పిల్ల పోయి పోయి జీడితోటల్లో తింటానంటోంది! కోపం వచ్చింది. డబ్బా మాత్రం సర్దాను.

కాశీబుగ్గ బజారు

పలాసలో రైలు దిగి, ఆ రాత్రికి కాశీబుగ్గలో ఒక లాడ్జిలో దిగాం. రెండూ పేరుకి రెండు ఊళ్లు గానీ ఎక్కడ ఒకటి ఆగి రెండోది మొదలవుతుందో అక్కడివాళ్లు చెప్పాల్సిందే. బజారంతా జీడిపప్పు కొట్లే. సంచులు మూతి విప్పి, గుండు, బద్ద, నూక వేరువేరుగా పోసి పెట్టారు. మా తణుకులో మిఠాయి కొట్టువాడు అడిగితే తప్ప రుచికి ముక్క ఇవ్వడు. ఇక్కడ బేరం మొదలు కాకముందే అరచేతిలో గుప్పెడు పప్పు పోసేస్తారు. అది నోట్లో వేసుకుంటేనే మాటలు.

హారిక ముక్కుకీ నోటికీ మాస్కు కట్టుకుని, ఎదురుగా సోడా బండి దగ్గర నిలబడింది. కొట్టాయన దాన్నే చూస్తున్నాడు.

"పాపేటి అంత దూరంగా నిలబడిపోనాది? కరోనా ఇంకా పోలేదేటమ్మా మీ ఊర్నించి? రమ్మనండి, రుచి సూడమనండి."

"దానికి జీడిపప్పు పడదండీ."

ఆయన పకపకా నవ్వాడు. "పలాస వొచ్చి జీడిపప్పు పడదంటే ఎలాగమ్మా! ఇది కల్తీ లేని సరుకు. కల్తీది తిన్నోళ్లకే పడదు. మా సరుకు తిని సూడమను, ఏటైనా అయితే నన్నడుగు."

అయ్యాక ఎవర్ని అడిగి ఏం లాభం? అయినా ఆయన మీద కోపం రాలేదు. సొంత పిల్లల్ని చెప్పుకున్నంత మురిపెంగా చెప్పాడు. కిలో ఎనిమిది వందల పైచిలుకు. మా ఊరికంటే తక్కువే. స్టాఫ్‌రూము పప్పంతా పార్సిల్లో పంపమని అడ్రసు రాసిచ్చి, చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుని హారిక దగ్గరకి వచ్చాను.

లాడ్జికి వచ్చి సంచీ విప్పితే గుండె ఆగినంత పనైంది. హారికకి ప్రాణం మీదకి వస్తే తొడలో వెంటనే పొడవాల్సిన మందొకటి ఉంది, ఎడ్రినలిన్. వేరే దేశాల్లో అది పెన్నులా తయారుగా దొరుకుతుందట. మాకు చిన్న గాజు సీసాలు రెండు, సిరంజి. ఎంత ఎక్కించాలో, ఎలా పొడవాలో విశాఖ డాక్టరమ్మ ఇద్దరికీ నేర్పి పంపారు. రైల్లో ఎవరి పెట్టె కింద నలిగిందో, రెండు సీసాలూ పగిలి గుడ్డంతా తడిసి ఉంది. రెండూ ఒకే డబ్బాలో పెట్టిన తెలివి నాదే.

బజార్లో మందుల కొట్లన్నీ తిరిగాం. "అది మా దగ్గర ఉండదమ్మా, ఆస్పత్రుల్లోనే ఉంటాది" అన్నారు అందరూ. వెనక్కి వెళ్లిపోదామన్నాను. హారిక నా మాట వినిపించుకోకుండా పావనికి ఫోను చేసింది. వాళ్ల నాన్నగారికి మొదట్లో వైద్యం చేసిన డాక్టరు టెక్కలిలో ఉన్నారని, పొద్దున్నే వెళ్లమని పావని చెప్పింది.

టెక్కలిలో ఒక పూట

టెక్కలి బస్టాండు దగ్గర చోడి అంబలి తాగాం. మేం రాగి అనేదాన్ని వీళ్లు చోడి అంటారు. ఉల్లిపాయ ముక్క, పచ్చిమిరపకాయ నంజుకోమని ఇచ్చింది అంబలి అమ్మే ఆమె. హారిక అలవాటు ప్రకారం ఇందులో ఏమేం కలిపావని అడిగింది. "చోళ్లు, నూకలు, ఉప్పు, మజ్జిగ. ఇంకేటి కలుపుతాను తల్లీ, ముత్యాలా?" అంది ఆమె. అంత నిశ్చింతగా మా అమ్మాయి బయట తిండి తినడం చూసి ఎన్నాళ్లయిందో.

డాక్టరుగారి దగ్గర బెంచీలన్నీ నిండి ఉన్నాయి. మా పక్కన కూర్చున్న పెద్దాయన మొలలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి ఖాళీ బిళ్లల అట్ట ఒకటి తీసి, చూసుకుని మళ్లీ జాగ్రత్తగా లోపల దోపుకుంటున్నాడు. ఏం తాతా అది, అని అడిగింది హారిక.

"ఈ బిళ్ల నాకు పడదమ్మా. ఒకసారి ఏసుకుంటే మొకం కుండలాగ వాసిపోనాది. పేరు సదవడం నాకు రాదు గదా! అందుకని అట్టే దాసినాను. ఏ డాక్టరు కాడికెల్లినా ముందు ఇది సూపిత్తాను, తరవాతే నాడి సూడనిత్తాను."

డాక్టరుగారు మమ్మల్ని చూసినప్పుడు ఆ పెద్దాయన మాటే ఎత్తారు. "ఆయనలా అట్ట తెచ్చేవాళ్లు తక్కువమ్మా. చాలామంది 'తెల్లబిళ్ల పడదు' అంటారు. నా అలమార్లో సగం తెల్లబిళ్లలే! ఏదో తెలీదు, రాసిన కాయితం ఉండదు, టెస్టు చెయ్యడానికి దగ్గర్లో ఎవరూ లేరు. మరి కొంతమందికి అసలు ఎలర్జీయే కాదు, వాంతి అయితే చాలు, పడలేదనేస్తారు. దాంతో మంచి మందులు కూడా దూరమైపోతాయి. విడదీసి చూసేంత టైము మాకెక్కడ?"

హారిక కథ మొత్తం విన్నారు. పెళ్లి భోజనమని చెబితే వద్దంటారేమోనని నేను ఆశపడ్డాను. ఆయన వద్దనలేదు. మందు ఇప్పించి, వాడినా ఊరికే కూర్చోకూడదని, వెంటనే ఆసుపత్రికి రావాలని, పెళ్లింటి దగ్గర ఒక కారు ఖాళీగా ఉంచుకోమని చెప్పారు. చివరికి ఒక మాటన్నారు. "ఏ ఊరు, ఉద్దానమా? అయితే మీరు చెబితే వింటార్లెండి. అక్కడ జబ్బంటే ఎవరూ తేలిగ్గా తీసుకోరు."

ఆ మాట ఎందుకన్నారో అప్పుడు నాకు తెలియలేదు.

తోట ఆయనదే, బొండం కాదు

పూండి దాటాక దారికి రెండు పక్కలా కొబ్బరి, జీడి, పనస. మొగలి పొదలు కంచెలు కట్టినట్టు ఉన్నాయి. సీజను చివర్లో రాలిన జీడిపళ్లు ఇసకలో మగ్గి పుల్లటి వాసన వేస్తున్నాయి. మా గోదావరి పచ్చదనమే లోకంలో గొప్పదని పిల్లలకి పాఠం చెప్పేదాన్ని నేను. ఇకముందు కాస్త తగ్గించి చెబుతాను.

పావని వాళ్ల నాన్నగారు లోకనాథంగారు గుమ్మంలోకి ఎదురొచ్చారు. మనిషి చిక్కి, కాళ్లు కాస్త వాచి ఉన్నాయి. వీళ్ల ఊళ్లలో చాలా ఇళ్లలో ఉన్న కిడ్నీ జబ్బే ఆయనకీ. పలాస వెళ్లి డయాలసిస్ చేయించుకుని వస్తుంటారు. మా ఇద్దరికీ బొండాలు కొట్టించి ఇచ్చి, ఎదురుగా కూర్చుని మేం తాగడం చూస్తున్నారు.

"మీరూ తీసుకోండి అన్నయ్యగారూ" అన్నాను, తెలియక.

"నాకు కూడదు సెల్లెమ్మా. తోటంతా నాదే. బొండమే నాది కాదు." నవ్వేశారు ఆయన. "నీల్లు కూడా కొలిసే ఇత్తాది మా ఆవిడ. దాని కంట్లో పడకుండా ఒక్క సుక్క ఎక్కువ తాగలేను."

ఆయన భార్య దమయంతి హారికని వంటింట్లోకి తీసుకెళ్లింది. వెనకే నేనూ వెళ్లాను. హారిక ఎప్పటిలా మొదలుపెట్టింది: జీడిపప్పు కూరలో కనపడకపోయినా, అది కలిపిన గరిటె తగిలినా తనకి ప్రమాదమేనని. ఈ మాట విన్నవాళ్లందరూ ఇన్నేళ్లుగా అడిగే ప్రశ్న ఒకటుంది, 'కొంచెం కూడా పడదా?' అని. దానికోసం నేను ఎదురుచూస్తున్నాను.

దమయంతి ఆ ప్రశ్న అడగలేదు. గోడకి వేరే మేకుకి తగిలించిన గరిటె చూపించింది. దాని కాడకి ఎర్రగుడ్డ పీలిక కట్టి ఉంది. పక్కన రెండు గిన్నెలు, వాటి చెవులకీ అదే గుడ్డ.

"ఇయ్యి మీ మావయ్యవి. ఉప్పు ఏసిన కూరలో గరిటి మీ మావయ్య కూరలో పెడితే నాను ఊరుకోను. పెల్లయినా అంతే, సావయినా అంతే. నీకు పచ్చగుడ్డ కడతానమ్మా. పెరట్లో ఏరే పొయ్యి ఎలిగిత్తాను. పంక్తిలో అందరికీ ఏ కూరలు ఏత్తే నీకూ అయ్యే కూరలు. నాను వొండుతాను."

"కూతురి పెళ్లి పెట్టుకుని మీకెందుకు వదినగారూ ఈ శ్రమ?" అన్నాను.

"ఏటి వదినా ఆ మాట! ఏళ్ల తరబడి ఒక మనిసికి సేత్తన్నాను. ఒక్కపూట ఇంకో మనిసికి సెయ్యలేనా?"

డాక్టరుగారి మాట అప్పుడు అర్థమైంది. గోదావరి జిల్లాల మర్యాదల గురించి మేం చాలా గొప్పలు చెప్పుకుంటాం. విస్తట్లో వద్దన్నకొద్దీ వడ్డించడం మా మర్యాద. వద్దంటే ఎందుకు వద్దంటున్నారో తెలుసుకుని వండే మర్యాద నేను ఉద్దానంలో చూశాను.

రెండుసార్లు వేయించిన పప్పు

ఆ సాయంత్రమే గండం వచ్చింది, అదీ ప్రేమతో. లోకనాథంగారి అక్క కామమ్మ జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టి, పప్పు ఒలిచి ముసలిదైన మనిషి. ఇంట్లో అందరూ ఆవిడని అప్ప అంటారు. పిక్క తొక్కలోని సొన తగిలి తగిలి ఆవిడ వేళ్లు నల్లగా కాలిన మచ్చలతో ఉన్నాయి. హారిక సంగతి ఆవిడ చెవినా పడింది. ఒక అడ్డాకు నిండా ఎర్రగా వేయించిన జీడిపప్పు పట్టుకుని వచ్చి మా ముందు కూర్చుంది.

"తిను గుంటా. భయపడకు. నీకోసరమే రెండుసార్లు ఏయించినాను. సొనంతా మాడిపోనాది. ఆ సొన ఎలాటిదో నాకు తెల్దేటి? ఈ సేతులు సూడు. ఒల్లంతా బొబ్బలెక్కిత్తాది. సరిగ్గా ఏయించకపోతేనే పడదు. ఇది పడతాది."

నేను లేచి నిలబడిపోయాను. హారిక కదల్లేదు. పరాయి ఇంట్లో, పెద్దావిడ చేత్తో పెట్టింది తోసేస్తే ఎంత చిన్నతనమో దానికి తెలుసు. చేతులు వెనక్కి పెట్టుకుని నెమ్మదిగా చెప్పింది.

"పెద్దమ్మా, మీ చేతుల్ని కాల్చేది తొక్కలో ఉన్న సొన. అది ఎవరిమీద పడినా కాలుస్తుంది. వేయిస్తే పోతుంది, మీరన్నది నిజమే. నాకు పడనిది లోపల పప్పే. మీకందరికీ బలమిచ్చే పప్పునే నా ఒళ్లు విషమనుకుని తిరగబడుతుంది. పదిసార్లు వేయించినా పప్పు పప్పే కదా?"

అప్ప మొహం మాడిపోయింది. "పప్పుతోటే పిల్లల్ని పెంచినాను నాను. పప్పు ఎవులికీ సెడ్డ సెయ్యదు" అని విసురుగా లేచి, ఆకు పట్టుకుని వెళ్లిపోయింది. ఆ రాత్రి మాతో మాట్లాడలేదు. నాకు చివుక్కుమంది. అయినా నిజం చెబుతున్నాను, నా కూతుర్ని చూసి ఛాతీ ఉప్పొంగింది. మేమిద్దరం డాక్టర్ల చుట్టూ తిరిగి నేర్చుకున్నదాన్ని అది నాలుగు మాటల్లో, గొంతు పెంచకుండా, ఒక పెద్దావిడకి చెప్పింది.

పంక్తి

మర్నాడు పెళ్లయ్యాక కొబ్బరితోటలో పందిరి కింద భోజనాలు. బఫేలు ఇంకా ఈ ఇంటిదాకా రాలేదు. నేల మీద పట్టాలు, విస్తళ్లు. వడ్డన పూర్తయ్యేదాకా ఎవరూ చెయ్యి పెట్టరు. హారిక పట్టుచీరలో వెళ్లి పంక్తి మధ్యలో కూర్చుంది. దానికి ఎదురు వరసలో నేను, ఒళ్లో మందు సంచీతో. దమయంతి పచ్చగుడ్డ కట్టిన గిన్నెల్లోంచి స్వయంగా వడ్డించింది: అన్నం, పప్పు, పనసకాయ కూర, గుమ్మడికాయ దప్పళం. అంతలో మిగిలిన తంతుకి పీటల దగ్గరకి పిలుపొచ్చి, పెళ్లికూతురి తల్లి కదా, గిన్నెలు పక్కన పెట్టి లోపలికి వెళ్లింది.

హారిక పక్క విస్తరి ముందు ఎవరో చతికిలబడ్డారు. చూస్తే కామమ్మ అప్ప. ముందుకు చూస్తూ కూర్చుంది.

నెయ్యి జారీ పట్టుకుని వంటవాళ్ల మనిషి ఒకతను వరసగా వేసుకుంటూ వస్తున్నాడు. హుషారు మనిషి, ఒక్కో విస్తరి దగ్గర అర నిమిషం కూడా ఆగడం లేదు. హారిక తల తిప్పి పావని వాళ్ల చుట్టాలమ్మాయితో మాట్లాడుతోంది. ఆ జారీకి పచ్చగుడ్డ లేదని చూసి నేను చెయ్యెత్తి లేవబోయాను. జారీ వంగింది.

నెయ్యి విస్తట్లో పడలేదు. అప్ప చెయ్యి చాచి హారిక అన్నం మీద కప్పేసింది. వేడి నెయ్యంతా ఆ మచ్చల చేతిమీద పడింది.

"ఆగరా! ఇది ఏ మూకుట్లో నెయ్యి?"

అతను బెదిరిపోయాడు. "పాయసంలోకి జీడిపప్పు ఏయించిన నెయ్యే అప్పా. కమ్మగుంటాదని జారీలో పోసినాను."

"కమ్మగుంటాది, మనకి. ఈ గుంటకి ఊపిరాడదు. పప్పులో ఉన్నది నెయ్యిలోకి దిగదేటి? దొప్పలో నీల్లు తే, సెయ్యి కడగాల. ఈ ఇస్తరి తీసీ, కొత్తది ఎయ్యి. నువ్వు ముట్టుకోకు. దమయంతిని పిలు."

నిన్న రాత్రి మాతో మాట్లాడకుండా వెళ్లిపోయిన మనిషి, హారిక చెప్పిందాన్ని రాత్రంతా ఆలోచించినట్టుంది. హారిక ఆవిడ చెయ్యి చూసి కంగారుపడి లేవబోయింది. "కూకో. ఇది మంటేటి? నా సేతికి ఇంతకన్న సెడ్డయ్యి అలవాటే" అని భుజం నొక్కి కూర్చోబెట్టింది అప్ప.

వడ్డన పూర్తయింది. అందరి విస్తళ్లలో అన్నం పొగలు కక్కుతోంది. ఎండ మండిపోతోంది, ముహూర్తం ఆలస్యమై జనం ఆకలి మీద ఉన్నారు. మా అమ్మాయి ముందు మాత్రం ఖాళీ నేల. దమయంతి లోపల్నుంచి కొత్త విస్తరి తెచ్చి, కడిగి, మళ్లీ మొదట్నుంచి అన్నీ వడ్డించాలి. నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. "మీరు కానివ్వండి, మాకోసం ఆగకండి" అని అందరికీ వినపడేలా అన్నాను.

ఎవరూ కదల్లేదు. పందిరి చివర కుర్చీలో కూర్చున్న లోకనాథంగారు, ఆ వంటల్లో సగం తను తినకూడని మనిషి, గొంతు పెంచారు.

"ఏటి సెల్లెమ్మా, ఆగకండంటావేటి? పంక్తంటే అందరూ కలిసి తినడమే గదా. ముందు ఆ గుంట ముద్ద ఎత్తితేనే మనం."

అంతే, మగవాళ్లూ ఆడవాళ్లూ ఆ వరసల్లో ఉన్నవాళ్లందరూ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వాళ్లలో చాలామందికి ఎలర్జీ అంటే ఏమిటో తెలియదు. దమయంతి పచ్చగుడ్డ గరిటెతో నిదానంగా, తొందరపడకుండా వడ్డించింది. చివర ఇంట్లోంచి తెచ్చిన నెయ్యి వేసింది. అప్ప ఒంగి ప్రతి గిన్నె చెవినీ చూసి, సరే అన్నట్టు తల ఊపింది.

హారిక ఒకసారి నావైపు చూసింది. నేను తినమన్నట్టు చెయ్యి చూపించాను. పప్పూ అన్నం కలిపి, ముద్ద చేసి నోట్లో పెట్టుకుంది. అప్పుడు పంక్తి అంతా విస్తళ్ల మీదకి వంగింది.